గట్టులో పాతిన ట్యాంకు: ఐసెల్ లైను ప్రాజెక్టు డైరీ

మే, రెండో వారం

ఈసారి చక్రాలు లేని ట్యాంకు స్కేలు మోడల్ చేస్తున్నా. ట్రాకులు లేవు, ఇంజను లేదు, ముందు లైట్లు లేవు. నేల మీద కనపడేది టరెట్ (ట్యాంకు పైన గన్నుతో తిరిగే గోపురం), దాని గన్ను, చుట్టూ కాంక్రీటు దిమ్మె. స్కేలు 1/35. చోటు నెదర్లాండ్స్‌లో ఐసెల్ నది ఒడ్డు, ఓల్స్ట్ అనే ఊరి దగ్గర. కాలం 1950ల మొదటి సగం, నెదర్లాండ్స్ వాళ్ళు, అంటే డచ్చివాళ్ళు, సోవియట్ దాడి భయంతో ఆ నది వెంబడి ఐసెల్ లైను అనే రక్షణ రేఖ కట్టుకున్న రోజులు.

విషయం చెప్పగానే తోటి మోడలర్ ఒకాయన "అంటే కిట్ కొని సగం పారేస్తావన్నమాట" అన్నాడు. అసలు కిట్టే కొనట్లేదు గురూ అన్నాను. షెర్మన్లు (అమెరికన్ ట్యాంకులు) చేయగా మిగిలిన ముక్కలు రెండు చెప్పుల డబ్బాల నిండా ఉన్నాయి: వాడని హ్యాచ్‌లు, బోల్టు తలలున్న ప్లేట్లు, సగం బారెళ్ళు. డచ్చివాళ్ళు తమ మొదటి ట్యాంకు దళాలను ఇంకొకరి మిగులు సరుకుతోనే నిలబెట్టారు. దానికి నా డబ్బాలే సరైన ముడిసరుకు అనిపించింది.

ట్యాంకు పేరు రామ్. పొట్టేలన్న అర్థంలో పెట్టిన పేరు, మన రాముడితో ఏమీ సంబంధం లేదు. 1940లో ఫ్రాన్స్ కూలిపోయాక బ్రిటన్‌కు తన ట్యాంకులు తనకే చాలని పరిస్థితి. కెనడాకు ఇచ్చే దారి లేదు. దాంతో కెనడా తనే తయారు చేసుకోవాలనుకుంది. అమెరికన్ ఎం3 లీ ట్యాంకు అడుగు భాగం తీసుకుని, పైన తన సొంత పోత ఉక్కు హల్ (ట్యాంకు ఒళ్ళు), టరెట్ పెట్టింది. మాంట్రియల్ లోకోమోటివ్ వర్క్స్‌లో, అంటే రైలింజన్ల ఫ్యాక్టరీలో, 1941 చివరి నుంచి 1943 జూలై దాకా దాదాపు 2,000 రామ్‌లు తయారయ్యాయి. మొదటి 50కి చిన్న 2 పౌండర్ గన్ను (గుండు బరువును బట్టి పెట్టిన పేరు), ఆ తర్వాతి వాటికి 6 పౌండర్.

అవి ఇంగ్లండ్ చేరాయి, కెనడా కుర్రాళ్ళు వాటి మీదే ట్యాంకు నడపడం నేర్చుకున్నారు. తీరా యుద్ధభూమికి బయల్దేరే వేళకు చేతికి షెర్మన్లు వచ్చాయి. అలా గన్ను ట్యాంకుగా రామ్‌కు ఒక్క యుద్ధమూ దక్కలేదు. చాలావాటి టరెట్లు ఊడదీసి, ఆ గుంటలో సైనికులను ఎక్కించి మోసే కంగారూలుగా మార్చారు. కంగారూలుగా మాత్రం బాగా పనిచేశాయి, హాలండ్ బురదలో కూడా. 1945 మేలో యుద్ధం ముగిశాక కెనడా సైన్యం ఇంటిదారి పట్టింది, బండ్లు డచ్ నేల మీది డంపుల్లో ఉండిపోయాయి.

నేను చేస్తున్నది రామ్ మార్క్ 2, 6 పౌండర్‌తో.

మే చివర

ముందు టరెట్. ఈ ప్రాజెక్టులో ట్యాంకు అనదగ్గది అదొక్కటే కాబట్టి తొందర పడదలచుకోలేదు.

డబ్బాలో షెర్మన్ టరెట్లు మూడున్నాయి. ఒకదాన్ని చెక్కేసి సరిపెట్టుకోవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. కుదరదు. టరెట్ కూర్చుని తిరిగే రింగు షెర్మన్‌ది 69 అంగుళాలు, రామ్‌ది 60. 1/35లో మొదటిది 50 మిల్లీమీటర్లు, రెండోది 43.5. ఆరున్నర మిల్లీమీటర్ల తేడా అంటే బల్ల మీద పెట్టగానే కంటికి కొడుతుంది. పైగా షెర్మన్ టరెట్ గుండ్రంగా పొట్టలా ఉబ్బి ఉంటుంది, రామ్‌ది ముందు వైపు చదునుగా తెగ్గోసినట్టుంటుంది. ఆ చదును ముఖం మీద వేరే ప్లేటు పెట్టి వరసగా లావుపాటి బోల్టులతో బిగించారు. రామ్‌ను దూరం నుంచి గుర్తు పట్టేది ఆ బోల్టుల వరసతోనే.

కాబట్టి సున్నా నుంచి. 1 మి.మీ. స్టైరీన్ షీట్‌ను పొరలు పొరలుగా అంటించి దిమ్మె చేశాను. రాత్రంతా క్లిప్పులు బిగించి వదిలేసి, పొద్దున ముతక ఎమెరీతో ఆకారం దించాను. నున్నబడ్డాక పైన పుట్టీ పల్చగా పట్టించి, తడి ఆరకముందే పాత టూత్‌బ్రష్‌తో నిటారుగా పొడిచాను. పోత ఉక్కు పైన ఉండే గరుకు అలా వస్తుంది. మరీ ఎక్కువ పొడిస్తే నారింజ తొక్కవుతుంది. ఆరాక నీళ్ళ ఎమెరీతో ఒక్కసారి పైపైన రుద్దితే ఎత్తులు తెగి గరుకు మిగులుతుంది. వేలితో తడిమితే తెలియాలి, కంటికి మాత్రం లీలగా కనపడాలి. అంతవరకే.

బోల్టులు డబ్బాలోంచే వచ్చాయి. పాత కిట్లలో పనికిరాని ప్లేట్ల మీది బోల్టు తలలను కొత్త బ్లేడుతో అడుగుకంటా గీకి, బ్లేడు కొసతోనే ఎత్తి, ముందే పెట్టిన జిగురు చుక్క మీద కూర్చోబెట్టడం. ఊపిరి బిగబట్టి చేయాల్సిన పని. ఫ్యాను ఆపాలి. మే నెల హైదరాబాద్‌లో ఫ్యాను ఆపుకుని కూర్చోవడం ఎంత సుఖమో చెప్పక్కర్లేదు. గీకినవాటిలో సగం నేల పాలయ్యాయి. మూడు కిట్ల బోల్టులు కలిసి ఒక్క ముఖం మీదకు చేరాయి, పరిమాణంలో వెంట్రుకవాసి తేడాలున్నాయి. ప్రైమర్ పడ్డాక అవి కలిసిపోయాయి.

బారెల్‌కి ఇత్తడి గొట్టం. 6 పౌండర్ అంటే 57 మి.మీ. గన్ను, స్కేల్లో లోపలి రంధ్రం 1.6 మి.మీ. 43 కాలిబర్ల పొడవు (అంటే రంధ్రం వెడల్పుకు 43 రెట్లు) రకం తీసుకుంటే మొత్తం 70 మి.మీ. వస్తుంది. అందులో వెనక భాగం టరెట్ లోపలికి పోతుంది కాబట్టి బయట కనిపించేది అంతకు బాగా తక్కువ. మూతి దగ్గర గోడ పల్చబడేలా లోపలి నుంచి సన్న డ్రిల్లుతో తిప్పాను. షెర్మన్ 75 మి.మీ. గన్ను పక్కన పెడితే ఈ గన్ను సన్నగా, కాస్త పేదగా కనిపిస్తుంది. ఉన్నది ఉన్నట్టే ఉండనీ.

జూన్, మొదటి వారం

టరెట్ పుట్టీ గట్టిపడుతోంది. ఈలోగా ఈ ట్యాంకు ఓల్స్ట్ గట్టుదాకా ఎలా వచ్చిందో రాసుకుంటా.

యుద్ధానికి ముందు డచ్చి సైన్యం దగ్గర ట్యాంకులు లేవంటే లేవు. పరీక్షలకని 1920ల్లో కొన్న రెనో ఎఫ్‌టీ ఒక్కటుండేది. తాము కట్టిన అడ్డంకులు ట్యాంకును ఆపుతాయో లేదో చూసుకోవడానికి దాన్ని వాటి మీదకు నడిపించేవాళ్ళు. అలాంటి సైన్యానికి 1945లో కెనడా ప్రభుత్వం ఒక మాట చెప్పింది: మీ నేల మీది డంపుల్లో ఉన్న రామ్‌లను పైసా కట్టకుండా వాడుకోండి. కంగారూలుగా మార్చని వాటితో 1వ, 2వ ట్యాంకు బెటాలియన్లు పుట్టాయి. డచ్ చరిత్రలో మొట్టమొదటి ట్యాంకు దళాలు ఇవే. కాగితం మీద ఒక్కో బెటాలియన్‌కు 53, రెండింటికీ కలిపి 106.

106 ఎన్నడూ కదల్లేదు. బండ్లు చాలామటుకు బాగా అరిగిపోయినవే. పైగా విడిభాగాలూ లేవు. నాకు ఈ కథలో ఆసక్తి పుట్టించింది ఇదే. రామ్ ఉత్పత్తి 1943లోనే ఆగిపోయింది, వాడిన దేశమే దాన్ని వదిలేసింది. ఇక ఆ టరెట్‌కి, ఆ గేరుకి, ఆ ముద్ర ఉన్న ముక్కకి కొత్తది ఎవరు పోత పోస్తారు? ట్యాంకు ఉచితంగా వచ్చింది సరే, దానికి కావాల్సిన సీలు, బేరింగు ఉచితంగా ఎవరూ ఇవ్వరు. 1947లో బ్రిటన్ తన నిల్వల్లోంచి మరో 44 ఇచ్చింది, ఇవి మెరుగ్గా కాపాడినవి.  అయినా లోటు తీరలేదు. ఏడాదిపాటు శిక్షణలో తిప్పేసరికి బండి నమ్మకం కోల్పోయేది. 1950 జూన్ నాటి లెక్క చూడండి: ఉండాల్సినవి 106, పుస్తకంలో ఉన్నవి 73, విప్పి చూస్తే నడిపించగలిగేవి 50.

ఆ ఇంజను గురించి రెండు మాటలు. కాంటినెంటల్ ఆర్-975, తొమ్మిది సిలిండర్లు, గాలిచల్లదనం, 400 హార్స్‌పవర్. విమానం ముక్కులో ఉండాల్సిన రేడియల్ ఇంజనును ట్యాంకు వెనక కూర్చోబెట్టారు. సిలిండర్లు చుట్టూ చక్రంలా ఉంటాయి కాబట్టి బండి నిలిపి ఉంచితే ఆయిలు కారి కింది సిలిండర్లలో చేరుతుంది. అలాగే స్టార్టర్ నొక్కితే ఆ ఆయిలు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అందుకని ఆపి ఉంచిన బండిని స్టార్ట్ చేసే ముందు వెనక హ్యాండిల్ పెట్టి చేత్తో ఇంజనును తిప్పాలి. చలికాలం పొద్దున్నే, పద్దెనిమిదేళ్ళ కొత్త కుర్రాడు, బద్ధకం. ఇంజన్లు ఎందుకు పోయేవో ఊహించుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

దీనికి ఇంకో కారణం కూడా చేర్చాలి. ఆ ఏళ్ళలో డచ్చి ప్రభుత్వం డబ్బు, మనుషులు, దృష్టి అంతా ఇండోనేషియా మీద ఉంది. 1947 జూలైలో ఒకసారి, 1948 డిసెంబర్లో మరోసారి అక్కడ పెద్ద దాడులు నడిపారు. జావాలో వాడిన తేలిక ట్యాంకులు అమెరికన్ స్టువర్ట్‌లు, అవీ యుద్ధకాలపు మిగులే. 1949 చివర డచ్చివాళ్ళు వెళ్ళిపోయాక వాటిలో కొన్ని ఇండోనేషియా సైన్యానికి దక్కాయి. అదే స్టువర్ట్‌ను మనవాళ్ళు 1948 నవంబర్లో కశ్మీర్‌లోని జోజిలా కనుమ ఎక్కించి శత్రువును బెదరగొట్టారు. ఆ దశాబ్దమంతా ప్రపంచంలో సగం సైన్యాలు అమెరికా గోదాముల్లో మిగిలినదానితోనే బతికాయి.

1950 జూన్లో కొరియా యుద్ధం మొదలయింది. యూరప్‌లో కూడా ఇదే జరగొచ్చన్న భయం పట్టుకుంది. అమెరికా డబ్బు పెట్టి బ్రిటన్ నుంచి సెంచూరియన్ ట్యాంకులు కొని డచ్చివాళ్ళకు ఇచ్చింది. 1952, 53 నుంచి అవి దిగడం మొదలయ్యాక రామ్‌లకు బండిగా పని తీరిపోయింది. గన్ను మాత్రం పనిచేస్తోంది. కవచం ఎక్కడికీ పోలేదు. పోయింది ఇంజనే.

అప్పుడు నది గట్టుకు వీటి అవసరం వచ్చింది.

జూన్ చివర

కాంక్రీటు. ఈ మోడల్‌లో సగానికి పైగా పని ఇదే.

టరెట్ దాకా హల్‌ను నేలలో దించి చుట్టూ రెండడుగుల మందం కాంక్రీటు పోశారు. 1/35లో రెండడుగులు అంటే 17 మి.మీ. పైన కొంచెం. దీన్ని షీట్‌తో పెట్టెలా చేసి పైన రంగు వేయొచ్చు. కానీ అది పెట్టెలాగే కనిపిస్తుంది. కాంక్రీటుకు సెంట్రింగ్ గుర్తులుంటాయి: చెక్క పలకల అతుకులు, పలక నరాలు, ఒక పలక కాస్త ఉబ్బితే అక్కడ మెట్టు. వీటిని చెక్కి తేవడం కంటే నిజంగా సెంట్రింగ్ కొట్టి పోయడమే తేలిక.

ఐస్‌క్రీం పుల్లలను నిలువునా మూడేసి చీలికలు చేస్తే ఒక్కోటి 3 మి.మీ., అంటే స్కేల్లో పది సెంటీమీటర్ల పలక. వైర్ బ్రష్‌తో గీరితే చెక్క నరం పైకి లేస్తుంది. వీటిని పక్కపక్కన పేర్చి, వెనక అడ్డపట్టీలు కొట్టి, నాలుగు గోడలు నిలబెట్టాను. మధ్యలో టరెట్ రింగు చోట గుండ్రటి డబ్బా మూత ఒకటి.

పక్క ప్లాటులో ఇల్లు లేస్తోంది. అక్కడి తాపీమేస్త్రి మధ్యాహ్నం భోజనం చేసి మా వరండా నీడకొచ్చి కూర్చుంటాడు. ఈ బుల్లి సెంట్రింగ్ చూసి ముందు నవ్వాడు, తర్వాత సీరియస్ అయిపోయాడు.

"లోపల ఆయిలు రాశారా సార్?"

వాజ్‌లిన్ పల్చగా రాశానని చెప్పాను.

"మేమైతే పాత ఇంజనాయిలు కొడతాం. ఏదైనా ఒకటే, మూలలకు బాగా అందాలి. లేకపోతే ఊడదీసేప్పుడు అంచులు రాల్తాయి. తొందరపడి ఇప్పకండి."

తర్వాత అడిగిన ప్రశ్న నాకు తట్టనే లేదు. "ఇది నేలకి సమానంగా ఉంది కదా సార్, వానొస్తే నీళ్ళెటు పోతాయి? ఆ గుండ్రం చుట్టూ నిలవవా?"

నిలుస్తాయి. టరెట్ తిరగాలంటే కింద సందు ఉండాలి. ఆ సందులోకే నీళ్ళు. హాలండ్ అసలే వాన దేశం. దిమ్మె పైభాగాన్ని మధ్య నుంచి అంచులకు ఓ మిల్లీమీటరు వాలేలా పోయాలని అక్కడికక్కడే నిశ్చయించుకున్నా. రింగు చుట్టూ సన్నని గట్టు కూడా పెట్టాను.

మిశ్రమం: ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ రెండు పాళ్ళు, టైల్స్ సందుల్లో నింపే బూడిదరంగు గ్రౌట్ ఒక పాలు, జల్లించిన సన్న ఇసుక చిటికెడు. ఇసుక విషయంలో స్కేలు లెక్క మరువకూడదు. 20 మి.మీ. కంకర 1/35లో అర మిల్లీమీటరు. మనం సన్న ఇసుక అనుకునే రేణువు ఇక్కడ కంకర రాయి. ఎక్కువైతే దిమ్మె మొత్తం గులకరాళ్ళ కుప్పలా తయారవుతుంది. పోశాక బల్లను కింద నుంచి గుప్పిటితో తడుతూ బుడగలు పైకి రప్పించాను. కావాలనే ఒక మూల తట్టలేదు. అక్కడ రాళ్ళు బయటపడి చిల్లులు చిల్లులుగా వచ్చింది, మేస్త్రి భాషలో హనీకోంబ్. అది చూసి ఆయన మొహం చిట్లించాడు. "ఇంజనీరు చూస్తే పగలగొట్టించేవాడు." అడావుడిగా, గుట్టుగా, మైళ్ళ పొడవున కట్టిన పనిలో ఒక మూల ఇలా ఉండి ఉంటుందని నా ఊహ. ఉంచేశాను.

మర్నాడు సెంట్రింగ్ విప్పాను. పలకల అతుకులన్నీ అచ్చుగుద్దినట్టు దిగాయి. ఒక అంచు రాలింది, అది ముందు వైపే. దాన్ని గుండు దెబ్బ అనడానికి లేదు, ఈ గన్నుల మీద ఎవరూ పేల్చలేదు. గ్రౌట్ ముద్దతో అతికి, అతుకు కనిపించేలా వదిలాను. కాంక్రీటు పనిలో అతుకు మామూలే.

జూలై, రెండో వారం

ఆ నది సంగతి రాయకుండా ఈ దిమ్మె ఎందుకుందో అర్థం కాదు.

ఐసెల్ అంటే రైన్ నది పాయ. ఆర్నెమ్ దగ్గర చీలి ఉత్తరంగా జుట్ఫెన్, డెవెంటర్, ఓల్స్ట్ మీదుగా పోయి పెద్ద మంచినీటి సరస్సులో కలుస్తుంది. 1950ల మొదట్లో నాటో దగ్గర సోవియట్ సేనను జర్మనీలోనే ఆపేంత బలం లేదు. డచ్చివాళ్ళు తమ తాతల కాలం నాటి ఆయుధాన్ని బయటికి తీశారు: నీళ్ళు. నైమేగెన్ దగ్గర వాల్ నదికి, ఆర్నెమ్ దగ్గర రైన్‌కి అడ్డుకట్ట వేసి ఆ నీటినంతా ఐసెల్‌లోకి మళ్ళించాలి, ఓల్స్ట్ దగ్గర ఐసెల్‌ను కూడా ఆపాలి. పొంగిన నీరు నైమేగెన్ నుంచి కాంపెన్ దాకా 120 కిలోమీటర్లకు పైగా, 3 నుంచి 10 కిలోమీటర్ల వెడల్పున పొలాల మీద పరుచుకుంటుంది. లోతు ఎక్కువ ఉండక్కర్లేదు. నడిచి దాటలేనంత, పడవ సరిగ్గా నడవనంత ఉంటే చాలు. కింద ఎక్కడ కాలవ ఉందో, ఎక్కడ రోడ్డు ఉందో శత్రువుకు కనపడదు.

అడ్డుకట్టలు అంటే మామూలు ఆనకట్టలు కావు. శాంతికాలంలో పడవలు తిరగాలి కదా. భారీ తేలే పెట్టెలను రేవులో కట్టేసి ఉంచుతారు. గంట మోగితే వాటిని నదికి అడ్డంగా లాక్కొచ్చి నీళ్ళు నింపి ముంచుతారు. ఆ మునకకు ముందు దాదాపు నాలుగు లక్షల మందిని ఇళ్ళు ఖాళీ చేయించాలి. వాళ్ళలో ఎవరికీ ఈ సంగతి తెలియదు. పశువులు మేస్తున్న గట్టు కింద కమాండ్ పోస్టు ఉందని, ఆస్పత్రి ఉందని ఊళ్ళో బాహాటంగా మాట్లాడుకునే కాలం కాదది.

ఓల్స్ట్ నదికి తూర్పు ఒడ్డున ఉంది. అంటే శత్రువు వచ్చే వైపే. కాబట్టి ఇక్కడి టరెట్ పని నది అవతలి వాణ్ని ఆపడం కాదు, తేలే పెట్టెను ఎవరూ పట్టుకుపోకుండా, పేల్చేయకుండా కాపలా కాయడం. పారాచూట్ల మీద దిగే గుంపు, తేలిక బండ్లు, రబ్బరు పడవలు వస్తాయని లెక్క. వీటికి 57 మి.మీ. గన్ను ధారాళంగా సరిపోతుంది. 1953లో సోవియట్ టి-54 ట్యాంకుకు ఎదురుగా రామ్‌ను మైదానంలో నిలబెట్టడం ఆత్మహత్య. అదే రామ్‌ను ఒక నది మలుపు చూసుకోమని పాతిపెట్టడం మాత్రం మంచి లెక్క. పిల్‌బాక్సుకు (కాంక్రీటు గన్ను గూడుకు) రాడ్డు వంగదు, ట్రాకు తెగదు, పెట్రోలు తాగదు. ఇంజను లేదు కాబట్టి టరెట్‌ను చేతి చక్రంతో తిప్పుకోవాలి, గన్నర్‌కు భుజాలు నొప్పి, అంతే.

రామ్‌లతో పాటు షెర్మన్లు కూడా ఈ లైనులో కాంక్రీటు పాలయ్యాయి. దాంతో నా డబ్బాలోని షెర్మన్ టరెట్ల మీద మళ్ళీ కన్ను పడింది. ఇదయ్యాక చూద్దాం.

జూలై చివర, వానలు

రంగు పని ఆగింది. ఈ తేమలో లాకర్ పెయింట్ కొడితే తెల్లటి పొగమంచు కమ్మినట్టు మసకబారుతుంది. ఎండ వచ్చిన పూట చూసి కొట్టాలి, లేదా అక్రిలిక్‌కు మారాలి. మారాను.

కింద మట్టిరంగు గోధుమ, యుద్ధం మధ్యలో బ్రిటిష్ బండ్ల రంగు. దాని మీద ఆలివ్ ఆకుపచ్చ, 1944 తర్వాతది. హ్యాచ్ అంచుల దగ్గర, బోల్టుల తలల మీద పైరంగును స్పాంజితో అద్ది తీసి గోధుమ కనిపించేలా చేశాను. తుప్పు దాదాపు పెట్టలేదు. పోత ఉక్కు మందం చూస్తే మొదటి నాలుగైదేళ్ళలో పెద్దగా తుప్పు పట్టదు. మోడలర్లకు తుప్పు అంటే మహా మోజు, దొరికిన చోటల్లా పూస్తారు.

కాంక్రీటుకు రంగు వేయలేదు. గ్రౌట్ బూడిదే చాలు. నూనెరంగులు పల్చగా కలిపి పలకల అతుకుల్లోకి వదిలాను. ఉత్తరం వైపు గోడకు లేత పాచి రంగు, టరెట్ గట్టు కింద నుంచి సున్నం కారిన తెల్ల చారలు రెండు. గట్టు మీద గడ్డికి కొబ్బరి పీచు: మరిగే నీళ్ళలో బట్టల రంగు వేసి, ఆరబెట్టి, చిన్న కత్తిరింపులుగా నాటడం. డచ్ గడ్డి పచ్చగా, ఒత్తుగా ఉంటుంది. మన పీచు ఎంత రంగు తాగినా కాస్త ఎండుగా కనిపిస్తోంది. సెప్టెంబర్ గడ్డి అనుకోవాలి.

ఆగస్టు

దాదాపు అయిపోవచ్చింది. మేస్త్రి పక్క ఇంటి స్లాబు పనిలో పడ్డాడు, ఈ వైపు రావట్లేదు.

ఐసెల్ లైను 1964లో మూతపడింది. పశ్చిమ జర్మనీ 1955లో నాటోలో చేరాక రక్షణ రేఖ తూర్పుకు జరిగింది, ఇక తమ పొలాలను తామే ముంచుకునే అవసరం డచ్చివాళ్ళకు తప్పింది. కట్టడాల్లో చాలావాటిని తర్వాత పగలగొట్టారు. ఓల్స్ట్ పరిసరాల్లో కొన్ని మిగిలాయి, ఇప్పుడు వెళ్ళి చూడొచ్చు.

మూతపడిన మరుసటి ఏడాది సంగతి ఇంకోటి ఉంది. 1965 సెప్టెంబర్లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర మన డెక్కన్ హార్స్ రెజిమెంటు షెర్మన్లతోనే పాకిస్తానీ ప్యాటన్ ట్యాంకులను ఎదుర్కొంది. హైదరాబాద్ నిజాం కాలంలో పుట్టిన రెజిమెంటు అది. పక్కన 3వ కావల్రీ సెంచూరియన్లు, 8వ కావల్రీ ఏఎమ్‌ఎక్స్-13 తేలిక ట్యాంకులు. డచ్చివాళ్ళు పదేళ్ళ ముందే బండిగా పనికిరాదని కాంక్రీటులో పాతిన తరం ట్యాంకు, ఇక్కడ ఇంకా యుద్ధం చేస్తోంది. చెరకు తోటల్లో దాగి, శత్రువును దగ్గరికి రానిచ్చి పక్కల నుంచి కొట్టారు. పాతిపెట్టకపోయినా కదలకుండా, దాక్కుని, ముంపు నేల అండతో కొట్టడమే జరిగింది. అక్కడా కాలవ గండ్లు కొట్టి పొలాలు తడిపారు, ప్యాటన్లు బురదలో కూరుకుపోయాయి.

కాబట్టి తర్వాతి బేస్ ఏమిటో తేలిపోయింది: 76 మి.మీ. షెర్మన్, చెరకు తోట, తడి నేల. చెరకు ఆకుకు ఏం వాడాలన్నది ఇంకా తేల్చుకోలేదు. పల్చటి కాగితం ఒకటి, చీపురు పూత ఒకటి, రెండూ కత్తిరించి పక్కపక్కన పెట్టాను. కాగితం వంపు బాగా తిరుగుతోంది కానీ అంచు మెత్తగా ఉంది. చీపురు అంచు సరిగ్గా ఉంది, వంపు తిరగట్లేదు, తడిపి చూడాలి. ఈలోగా రామ్ బేస్‌కి చుట్టూ చెక్క పట్టీ కొట్టించాలి, టరెట్ కింద మాగ్నెట్ అతికించాలి. గన్ను మూతిని నది వైపు కాకుండా గట్టు వెంబడి, తేలే పెట్టె ఉండే వైపు తిప్పి పెడుతున్నాను.